మా బావ ఆరబెట్టిన మైదానం

మా బావను పొగడటం నాకు చేతకాదు. ముప్పయ్యేళ్ళకు పైగా ఆయన్ని ఆటపట్టించడమే నాకు అలవాటు. అక్క మొగుడు కాబట్టి ఆ హక్కు నాకుంది. నోట్లో నాలుక లేని మనిషి కాబట్టి ఆ హక్కును మొహమాటం లేకుండా వాడుకున్నాను కూడా. ఇప్పుడు కూర్చుని ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయబోతే కలం మొరాయిస్తోంది. అయినా రాస్తాను. ఆ శనివారం సాయంత్రం మా ఊళ్ళో చాలామంది ఆయన్ని చాలా మాటలన్నారు. వాటిల్లో సగం ఆ మధ్యాహ్నం నా నాలుక చివరి దాకా వచ్చినవే. అందుకని ఇది రాయాల్సింది కూడా నేనే.

బావ మా ఊరి క్రికెట్ మైదానానికి మేస్త్రి. పిచ్ తయారుచేయడం, గడ్డి కోయించడం, సున్నం గీతలు గీయడం, వాన వస్తే కవర్లు కప్పడం, వెలిస్తే తీయడం, ఇదంతా ముప్పయ్యొక్క ఏళ్ళుగా ఆయన పని. అందరూ మేస్త్రి అనే పిలుస్తారు. క్రికెట్ బోర్డు ఆఫీసులో ఆయన అసలు పేరు తెలిసినవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉంటారేమో. సన్నగా, కొంచెం ముందుకు వంగి నడుస్తాడు. మైదానంలో చెప్పులు వేసుకోడు. ఎవరింటికైనా వెళ్ళినా ముందు వాకిట్లో గడ్డి ఉందేమో చూసి, మడమతో ఒకసారి నొక్కి, ఆ తర్వాత గాని లోపలికి రాడు.

"ఇంట్లో రెండే రెండు పూలకుండీలు ఉన్నాయి, రెండూ ఎండిపోయాయి. ఊరి గడ్డికి మాత్రం తుమ్ము వచ్చినా ఈయనకు నిద్ర పట్టదు" అని మా అక్క ఎప్పుడూ సణుగుతుంది. ఆ సణుగుడులో కొంచెం గర్వం కూడా ఉంటుంది గాని, అది ఒప్పుకోదు.

ఆయనకు ఒక పరీక్ష ఉంది. వాన వెలిశాక గడ్డి మీద నిన్నటి పేపరు ఒకటి పరుస్తాడు. దాని మీద ఒట్టి కాళ్ళతో నిలబడి మనసులో ఇరవై అంకెలు లెక్కపెడతాడు. దిగి, పేపరు తిరగేసి, ఎన్ని వరసలు తడిశాయో చూస్తాడు. సగం పేజీ తడిస్తే ఇంకో గంట. రెండు మూడు వరసలైతే ఆట మొదలుపెట్టొచ్చు. మా బావ పేపరు కాళ్ళతో చదువుతాడని నేను ఊరంతా చెప్పి నవ్వించాను. అంపైర్లు మాత్రం నవ్వేవాళ్ళు కాదు. వాళ్ళ దగ్గర రకరకాల పద్ధతులున్నా చివరికి ఆ పేపరు వంకే చూసేవాళ్ళు.

నాది టైర్ల షాపు, మైదానం గేటుకి సరిగ్గా ఎదురుగా. కవర్లకు చిల్లులు పడితే ట్యూబు ముక్కలు కోసి అతికించేది నేనే. మైదానంలో ఏ యంత్రం మొండికేసినా నన్నే పిలుస్తారు. మ్యాచ్ రోజుల్లో షాపు మూసి, కవర్ల తాడు పట్టుకోవడానికి వెళ్తాను. అది సాయం అని నేనంటాను. పని ఎగ్గొట్టడం అని మా ఆవిడ అంటుంది.

బావకు ఒక్కతే కూతురు. పుట్టినప్పుడు మరీ బక్కగా ఉందని బావే ఆమెను పరక అన్నాడు, గడ్డిపరక అని. ఆ పేరే నిలిచిపోయింది. ఇప్పుడు ముప్పై రెండేళ్ళు. డ్రైవింగ్ స్కూల్లో జనానికి కార్లు నేర్పుతుంది, మిగతా సమయమంతా బంతి వేస్తుంది. మా దేశపు ఆడవాళ్ళ జట్టులో పన్నెండేళ్ళుగా మొదటి ఓవరు ఆమెదే. ఆ జట్టంతా అలాంటివాళ్ళే. ఒకామె నర్సు, ఇద్దరు టీచర్లు, కెప్టెన్ దర్జీ పని చేస్తుంది. సెలవు పెట్టి ఆడతారు, ఆడి వచ్చి డ్యూటీకి వెళ్తారు.

వాళ్ళు ఆడే లీగ్ సంగతి చెప్పాలి. క్రికెట్లో పెద్ద దేశాలకు ప్రపంచ కప్పు తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది. మాలాంటి చిన్న దేశాలు ఎనిమిదింటిని కలిపి ఒక లీగ్ పెట్టారు. మూడేళ్ళ పాటు ఒకరి దగ్గరికొకరు వెళ్ళి ఆడాలి. గెలిస్తే రెండు పాయింట్లు. వాన వచ్చి ఆట రద్దయితే చెరొకటి. మూడేళ్ళు గడిచాక పట్టికలో మొదటి రెండు జట్లకే ప్రపంచ కప్పులో చోటు. మిగతా ఆరు జట్లూ మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టి ఇంకో మూడేళ్ళు ఆడాలి. పరక అలాంటి లీగులు మూడు పూర్తిగా ఆడింది. ఒకసారి ఐదో స్థానం, రెండుసార్లు మూడో స్థానం. ఇది నాలుగోది. కుడి మోకాలికి రెండు ఆపరేషన్లయ్యాయి. ఈ సీజన్ దాటాక బంతి ముట్టుకోవద్దని డాక్టరు తేల్చి చెప్పేశాడు. అంటే ప్రపంచ కప్పు ఆడితే ఇప్పుడే ఆడాలి, లేకపోతే ఇక లేదు.

ఆ శనివారం లీగులో చివరి మ్యాచ్. మొదటి స్థానం వేరే జట్టు ముందే పట్టుకుపోయింది. రెండో స్థానానికి మేమూ, మా ఊరికి వచ్చిన జట్టూ మిగిలాం. మాకు పంతొమ్మిది పాయింట్లు, వాళ్ళకు పద్దెనిమిది. మేం గెలిస్తే మేం వెళ్తాం. ఆట రద్దయినా మేమే వెళ్తాం. వాళ్ళు వెళ్ళాలంటే మమ్మల్ని ఓడించి తీరాలి.

శుక్రవారం సాయంత్రం మొదలైన వాన శనివారం పొద్దున కూడా ఆగలేదు. ఊరు ఊరంతా పండగలా ఉంది. గొడుగులు పట్టుకుని ఆట చూడటానికి కాదు, ఆట జరక్కపోవడం చూడటానికి వచ్చారు జనం. వాన వెలుస్తుందేమోనని ఎవరైనా దిగులుపడితే పక్కవాడు భుజం తట్టి ఒకటే మాట అన్నాడు.

"మేస్త్రి ఉన్నాడుగా!"

ఈ మాట వెనక ఒక కథ ఉంది. పన్నెండేళ్ళ కిందట ఇదే లీగులోకి అడుగుపెట్టడానికి ఒక పోటీ జరిగింది. పరకకు అప్పుడు ఇరవై ఏళ్ళు, జట్టులోకి వచ్చిన మొదటి సంవత్సరం. చివరి మ్యాచ్ ఇక్కడే. అప్పుడూ ఇంతే, ఆట రద్దయితే మాకే లాభం. అవతలి జట్టు బ్యాటింగు ఆరు ఓవర్లు అయింది. మమ్మల్ని చితక్కొడుతున్నారు. ఇంతలో ఒక జల్లు వచ్చింది. కవర్లు వేశాం. పావుగంటలో వెలిసి, ఎండ కూడా వచ్చింది. అవతలి జట్టు అమ్మాయిలు చప్పట్లు కొట్టుకుంటూ మెట్లు దిగుతున్నారు.

కవరు మీద వాన నీళ్ళు నిలిచి ఉంటాయి. వాటిని పల్లం వైపుకి ఒంపేసి, కవరును అటే లాగాలి. ఎదురు మూల నుంచి లాగితే అది మడతపడి, నీళ్ళన్నీ పిచ్ మీద పడతాయి. ఆ పనిలోకి వచ్చిన మొదటి రోజే ఎవరికైనా చెప్పే సంగతి ఇది. మా బావ ఆ రోజు ఎదురు మూల పట్టుకుని లాగాడు. నేను ఇవతలి తాడు దగ్గర ఉన్నాను. నా కళ్ళముందే కవరు మడతపడింది, నీళ్ళు బంతి పడే చోటే పడి పిచ్ మెత్తబడిపోయింది. అంపైర్లు గంటన్నర చూసి ఆట రద్దు చేశారు. మేం లీగులోకి వెళ్ళాం.

జనం బావను భుజాల మీదికి ఎత్తుకున్నారు. కొన్ని వేలసార్లు కవరు తీసిన మనిషి ఆ ఒక్కసారే తప్పు చేశాడంటే ఎవరు నమ్ముతారు? పైగా కూతురు జట్టులో ఉంది.

"పొరపాటు జరిగిందండీ" అన్నాడు బావ.

"మాకు తెలుసులే మేస్త్రీ" అని కన్నుకొట్టారు.

కనిపించిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు. చెప్పినకొద్దీ వాళ్ళ నవ్వు పెద్దదైంది. నేనేమన్నా తక్కువ తిన్నానా? "ఏం బావా, చూస్తే అమాయకుడివి, ఎంత పని చేశావు!" అని వీపు మీద ఒకటి చరిచాను. ఆయన నా వంక చూసిన చూపు అప్పుడు నాకు అర్థం కాలేదు. కొన్నాళ్ళకు చెప్పడం మానేశాడు.

ఒక్క సంగతి మాత్రం ఆయన చాలాకాలం తర్వాత మా అక్కతో అన్నాడట. ఆ రోజు అవతలి జట్టు కెప్టెన్ పెవిలియన్ మెట్ల మీద కూర్చుని ప్యాడ్లు విప్పుకుంటుంటే ఈయన మంచినీళ్ళు తీసుకెళ్ళాడు. ఏం చెప్పాలో, ఏ భాషలో చెప్పాలో తెలియక నిలబడిపోయాడు. ఆమె నీళ్ళు తాగి, ఈయన చెయ్యి మీద రెండుసార్లు మెల్లగా తట్టి లోపలికి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేదన్నాడట.

సరే, ఆ శనివారానికి వద్దాం. పదిన్నరకు వాన వెలిసింది. మ్యాచ్ రిఫరీ నిబంధన చెప్పాడు. మూడున్నరలోపు మొదలుపెట్టగలిగితే ఇరవై ఓవర్ల ఆట. మొదలుపెట్టలేకపోతే రద్దు. మైదానం చెరువులా ఉంది. నైరుతి మూల, నా షాపు వైపు, కొంచెం పల్లం. అక్కడ చీలమండలు మునిగేంత నీళ్ళు. దాన్ని మేం పల్లం మూల అంటాం. ఆ మూల ఆరితే మైదానం మొత్తం ఆరినట్టే.

బావ కవర్ల దగ్గరికి వచ్చాడు. ఈసారి నన్నూ, మైదానంలో పనిచేసే ముగ్గురు కుర్రాళ్ళనూ నిలబెట్టి, ఏ మూల ఎవరిదో, ఏ వైపు ఒంపాలో, ఎటు లాగాలో చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పాడు. మేం లాగాం. పిచ్ మీద చుక్క నీరు పడలేదు. గ్యాలరీలో ఎవరో "ఆఁ?" అన్నారు. అంతమంది జనంలో ఆ ఒక్క శబ్దం స్పష్టంగా వినిపించింది.

మొదట బోర్డు కార్యదర్శి వచ్చాడు, గొడుగు మడుచుకుంటూ.

"మేస్త్రిగారూ, ఒంట్లో ఎలా ఉంది? పొద్దుట్నుంచీ తడుస్తున్నారు. కాస్త కూర్చోండి. తొందరేముంది?"

ఆయన బావను 'గారూ' అనడం నేను వినడం అదే మొదటిసారి.

"మూడున్నర దాకా టైముందండీ. అయిపోతుంది" అన్నాడు బావ.

కార్యదర్శి మొహం మాడిపోయింది. తర్వాత ఒకరొకరే వచ్చారు. ఎవరూ తప్పు చేయమనలేదు, అది మాత్రం చెప్పాలి. నెమ్మదిగా చేయమన్నారు, అంతే. అందరికీ ఒకే జవాబు. "అయిపోతుందండీ."

పన్నెండున్నరకు మా అక్క భోజనం క్యారియర్ పట్టుకుని వచ్చింది. ఆమె మైదానంలోకి రావడం ఏడాదికొకసారి కూడా ఉండదు.

"ఏమండీ, కడుపునిండా తిని ఓ గంట నడుం వాల్చండి. పిల్ల మోకాలి సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఇదే ఆఖరుసారి."

"తెలుసే" అన్నాడు బావ. నిలబడే రెండు ముద్దలు తిని, చెయ్యి కడుక్కున్నాడు.  అక్క క్యారియర్ మూత పెట్టి, గ్యాలరీ వైపు వెళ్ళిపోయింది.

పరక పెవిలియన్ మెట్ల మీద కూర్చుంది, మోకాలికి పట్టీ చుట్టుకుని. పక్కన అమ్మాయిలు మబ్బుల వంక చూస్తున్నారు. ఆమె మాత్రం తండ్రి వంకే చూస్తోంది.  

ఇక నా నిర్వాకం చెప్పాలి. నీళ్ళు పీల్చే రోలరు ఒకటి ఉంది మా దగ్గర, చిన్న మోటారుతో తిరుగుతుంది. సరిగ్గా అప్పుడే అది ఆగిపోయింది. బావ నన్ను పిలిచాడు. మూత తీసి చూశాను. బెల్టు జారింది, అంతే. రెండు నిమిషాల పని. మూత మళ్ళీ పెట్టేశాను.

"బేరింగ్ పోయింది బావా. షాపులో లేదు, ఎక్కణ్నుంచైనా తేవాలి. రెండు గంటలైనా పడుతుంది."

నా మేనకోడలి కోసం అనుకున్నాను. దేశం కోసం అని కూడా అనుకున్నాననుకోండి. అబద్ధం చెప్పేటప్పుడు ఎన్ని కారణాలైనా దొరుకుతాయి.

బావ నా మొహం చూడలేదు. నా చేతులు చూశాడు.

"నీ వేళ్ళకు గ్రీజు కూడా అంటలేదురా" అన్నాడు.

అంతే.  షెడ్డులోకి వెళ్ళి బకెట్, పెద్ద స్పాంజి తెచ్చుకుని పల్లం మూలకు వెళ్ళాడు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. స్పాంజిని నీళ్ళలో నొక్కడం, బకెట్లో పిండడం, జానెడు జరగడం, మళ్ళీ నొక్కడం. బకెట్ నిండితే లేచి బౌండరీ తాడు అవతల పారబోసి రావడం. చెరువును చెంబుతో తోడినట్టే ఉంది. చూసేవాళ్ళు కొందరు నవ్వారు. నేను రోలరు మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాను.

పావుగంట చూశాను. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఆయన మీద కాదు. ముందు ఆయన మీదే అనుకున్నాను. ఇంత మొండితనమేమిటి, సొంత కూతురి కంటే గడ్డి ఎక్కువా అని పళ్ళు కొరుక్కున్నాను. కానీ ఆ మనిషి లేచినప్పుడల్లా ప్యాంటు మోకాళ్ళ దగ్గర బురద కారుతుంటే, ఒక చేత్తో నడుం పట్టుకుని ఇంకో చేత్తో బకెట్ మోసుకెళ్తుంటే, ఆ కోపం ఎవరి మీదో నాకు తెలిసిపోయింది. మూత తీశాను. బెల్టు ఎక్కించాను. మోటారు ఒక్క తిప్పుకే అందుకుంది.

"బేరింగ్... బానే ఉందట బావా" అని నీళ్ళు నమిలాను.

"ఉందా? మంచిది. తాడు వైపు నుంచి మొదలుపెట్టు" అన్నాడు, తల ఎత్తకుండానే.

ఆ తర్వాత మేం ఐదుగురం పని చేసిన తీరు నేనిప్పటికీ తలుచుకుంటాను. ఒకరు రంపపు పొట్టు చల్లారు. ఇద్దరు పొడవాటి తాడు రెండు కొసలూ పట్టుకుని గడ్డి మీద ఈడ్చారు, గడ్డి చివళ్ళ మీది నీళ్ళు రాలిపోయేలా. నేను రోలరు నడిపాను. అవతలి జట్టు అమ్మాయిలు తువ్వాళ్ళు పట్టుకుని సాయానికి దిగబోతే బావ చెయ్యి అడ్డం పెట్టి, నవ్వుతూ వెనక్కి పంపేశాడు. మైదానం సిద్ధం చేయడం ఈ ఊరి పని, ఆడటం వాళ్ళ పని. మాట రాకపోయినా వాళ్ళకు అర్థమైంది.

మూడు దాటి ఐదు నిమిషాలకు అంపైర్లు వచ్చారు, వెనక రిఫరీ. బావ షెడ్డులోంచి నిన్నటి పేపరు తెచ్చి పల్లం మూల పరిచాడు. దాని మీద నిలబడ్డాడు. పెదవులు కదిలాయి, ఇరవై దాకా. దిగి పేపరు తిరగేసి వాళ్ళకు ఇచ్చాడు. రెండు వరసలు తడిశాయి. రిఫరీ ఆ పేపరును చాలాసేపు చూసి, తల ఊపి, బావతో చెయ్యి కలిపాడు.

ఆట మొదలవుతుందని మైకులో చెప్పగానే జనం ఉసూరుమన్నారు. ఇలాంటి మైదానం ఇంకెక్కడైనా ఉంటుందా అని నాకు నవ్వు వచ్చింది. ఏడుపు కూడా వచ్చిందనుకోండి.

మావాళ్ళు ముందు బ్యాటింగు చేసి నూట ఎనిమిది కొట్టారు. తక్కువే గాని, మరీ తక్కువ కాదు. పరక మొదట్లో మూడు ఓవర్లు వేసి రెండు వికెట్లు తీసింది. ఆ పరుగు చూస్తే మోకాలి సంగతి ఎవరికీ తెలియదు, మాకు తప్ప. బంతి వేశాక ఆ కాలు మీద బరువు పడినప్పుడల్లా అక్క నా మోచెయ్యి నొక్కింది. ఆట అటు ఇటు ఊగి ఊగి చివరి ఓవరుకు వచ్చింది. వాళ్ళకు ఆరు పరుగులు కావాలి. రెండు వికెట్లున్నాయి. కెప్టెన్ బంతి తెచ్చి పరక చేతిలో పెట్టింది.

మొదటి బంతికి పరుగు లేదు. రెండో బంతికి ఒకటి. మూడో బంతికి వికెట్టు ఎగిరిపోయింది, జనం లేచి నిలబడ్డారు. నాలుగో బంతికి ఇంకో పరుగు. రెండు బంతుల్లో నాలుగు కావాలి. నేను స్కోర్‌బోర్డు దగ్గర ఉన్నాను, పల్లం మూల పక్కనే. బావ కొంచెం అవతల, తాడు బయట, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

ఐదో బంతి మంచి బంతి. నేను ఎవరితోనైనా పందెం కాస్తాను, అది మంచి బంతి. ఆ అమ్మాయి బ్యాటు అంచుకు తగిలి, పక్కకు పోయి, ఫీల్డర్ల మధ్యలోంచి నేల మీద పాకుతూ పల్లం మూలకే వచ్చింది. గట్టిగా కొట్టింది కాదు. మా నర్సు దాని వెంట పడింది. మధ్యాహ్నం చీలమండలు మునిగిన చోటది. తడి ఉండుంటే అక్కడ బంతి చచ్చిపోయేది, నర్సు అందుకునేది, ఇంకో బంతి మిగిలేది. తడి లేదు. గడ్డి మీద బావ మోకాళ్ళ గుర్తులు ఇంకా ఉన్నాయి. వాటి పక్క నుంచే బంతి ఎక్కడా ఆగకుండా దొర్లుకుంటూ వెళ్ళి తాడుకు తగిలింది.

అంతే, అయిపోయింది.

పరక పిచ్ మీద రెండు నిమిషాలు నిలబడి, వెళ్ళి ఆ అమ్మాయితో చెయ్యి కలిపింది. ఏడవలేదు. ఏడ్చింది జనమే. ఏడుపు కాస్తా కోపమైంది. "సొంత కూతురి కొంప ముంచాడు" అన్నాడొకడు. "మతి పోయిందేమో ముసలాడికి" అన్నాడింకొకడు. బోర్డు కార్యదర్శి మా పక్క నుంచే వెళ్తూ బావ అక్కడ లేనట్టే వెళ్ళిపోయాడు. వాళ్ళ చొక్కా పట్టుకుందామనిపించింది. కానీ మధ్యాహ్నం ఒంటిగంటకు నేనూ వాళ్ళలో ఒకణ్నే గదా, ఏ మొహం పెట్టుకుని పట్టుకుంటాను? అవతలి జట్టు కెప్టెన్ మాత్రం పరుగెత్తుకుంటూ వచ్చి బావ చేతులు రెండూ పట్టుకుంది. ఆయన కంగారుపడి, బురద చేతులు ప్యాంటుకు తుడుచుకుని, మళ్ళీ ఇచ్చాడు.

ఆట అయిపోయినా మైదానంలో పని అయిపోదు. పిచ్ మీద కవరు వేసి గాని ఇంటికి వెళ్ళకూడదు. పొద్దు గూకుతోంది. గ్యాలరీలు ఖాళీ అయ్యాయి. మిగతా ముగ్గురు కుర్రాళ్ళూ మొహం చాటేశారు. బావ ఒక్కడే కవరు తాడు విప్పుతున్నాడు. నేను రెండో కొస పట్టుకున్నాను. ఇంతలో పరక వచ్చింది, బూట్లు లేకుండా, మోకాలికి ఐసు సంచి కట్టుకుని.

"నాన్నా, ఒకటి అడగాలి."

బావ తాడు కింద పెట్టాడు.

"పన్నెండేళ్ళ కిందట కవరు మీది నీళ్ళు పడ్డాయే... అది నిజంగానే పొరపాటా?"

"పొరపాటేనమ్మా. వాళ్ళు మెట్లు దిగుతున్నారని తొందరలో ఎదురు మూల పట్టుకున్నాను."

"నేను నమ్మలేదు నాన్నా ఇన్నాళ్ళూ. నా కోసమే చేశావని అందరూ నవ్వుతూ చెప్పేవాళ్ళు. నేనూ అదే అనుకున్నాను. అడిగితే అవునంటావేమోనని అడగలేదు. వికెట్టు తీసి అందరూ నన్ను పట్టుకుని గెంతుతుంటే కూడా, ఈ లీగులో నాకు చోటు నేను సంపాదించుకున్నది కాదేమో, నాన్న దొంగతనంగా తెచ్చిపెట్టాడేమో అనిపించేది. ఇవాళ పొద్దుట్నుంచీ మెట్ల మీద కూర్చుని నిన్నే చూశాను. నువ్వు నెమ్మదిగా చేస్తే బాగుండుననిపించింది. చేస్తావేమోనని భయం కూడా వేసింది."

బావ కాలి కింది గడ్డిని మడమతో ఒకసారి నొక్కాడు. తర్వాత అన్నాడు.

"వాన మళ్ళీ రావాలని నేనూ కోరుకున్నానే. ఒకసారి కాదు. బకెట్ పారబోసిన ప్రతిసారీ మబ్బుల వంక చూశాను. అందుకే స్పాంజి కింద పెట్టలేదు. పెడితే చేతులు కూడా మనసు మాటే వింటాయని భయం వేసింది."

అప్పుడు ఏడ్చింది పరక. మ్యాచ్ పోయినప్పుడు ఏడవని పిల్ల, తండ్రి భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. ఆయన చేతులకు ఇంకా మట్టి ఉంది. జుట్టుకు అంటుతుందని, మణికట్టుతో ఆమె తల నిమిరాడు. నేను మొహం అటు తిప్పుకున్నాను. బెల్టు సంగతి పరకకు ఎప్పుడో ఒకప్పుడు చెప్పాలనుకున్నాను. ఇదిగో, ఇక్కడ రాశాను గనక చెప్పినట్టే.

కాసేపటికి ఆమె కళ్ళు తుడుచుకుని, కింద పడి ఉన్న తాడు తీసుకుంది.

"ఏ మూల నుంచి లాగాలి నాన్నా?"

బావ వేలితో చూపించాడు. ఆ సాయంత్రం ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. అయినా ముగ్గురం కలిసి కవరు వేసి, నాలుగు మూలలా బిగించి, అంచుల మీద ఇటుకలు పెట్టి, గేటు దాకా నడిచాం.